తుడిస్తే పోని చుక్క

అక్తరీ బేగం కాపురానికొచ్చిన ఇంట్లో పసిపిల్లలకు దిష్టి చుక్క పెట్టరు. లక్డారంలో ఏ ఇంటి పిల్ల గడప దాటినా బుగ్గ మీద కాటుక బొట్టు ఉండాల్సిందే. తాజ్ మొహమ్మద్ ఇంటి పిల్లలకు మాత్రం ఆ అవసరం లేదని పెద్దల నమ్మకం. వాళ్ళకు పైవాడే తన చేత్తో పెట్టి పంపుతాడట. ఏడాదో ఏడాదిన్నరో నిండేసరికి కింది పెదవి మీద ఆవగింజంత నల్ల చుక్క తేలుతుంది. దాని పక్కన ఇంకోటి. తర్వాత పెదవుల చుట్టూ, బుగ్గల లోపల, కొందరికి వేళ్ళ కొనల మీద కూడా. ఊరు ఊరంతా వాళ్ళను చుక్కలోళ్ళు అనే అంటుంది. ఆ మాటకు వాళ్ళు కోప్పడరు సరికదా, ఇంకాస్త ఛాతీ విరుచుకుని నడుస్తారు.

చుక్క తేలిన రోజు ఒక తతంగం ఉంటుంది. ఇంటి పెద్దామె కొంగు చివర తడిపి పిల్ల పెదవి మీద రుద్దాలి. మసో కాటుకో అయితే పోతుంది. పోకపోతే అందరూ మాషాల్లా అంటారు. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీదా చేసి, దర్గా దగ్గర ఫాతిహా ఇప్పించి, చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ పంచుతారు. తన్వీర్‌కు చుక్క వచ్చిన రోజు అత్తగారు చేసిన మలీదాను పక్కింటి బక్కమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది. చేతికంటిన నెయ్యి వాసన మర్నాటికి కూడా పోలేదట.

అక్తరీ పుట్టిల్లు జహీరాబాద్ వైపు. ఆమె పెదవి మీద ఒక్క మచ్చ లేదు. ‘బోడి మూతి కోడలు’ అని అత్తగారు సరదాకే అనేది. సరదాకన్న మాటలే ఎక్కువ కాలం గుచ్చుకుంటాయి కదా. అందుకే కొడుకు పెదవి మీద ఆ చుక్క చూసినప్పుడు ఆమెకు తానే ఏదో పరీక్ష గట్టెక్కినంత సంతోషం కలిగింది. ఆ రాత్రి నిద్రలో ఉన్న పిల్లాడి పెదవిని వేలితో తడిమి తడిమి చూసుకుంది.

అదంతా ఎప్పటి మాటో. ఇప్పుడామె వసారాలో మిషన్ ముందు కూర్చుంటే మోకాళ్ళు అరుస్తాయి, లేస్తే నడుము అరుస్తుంది. ఊళ్ళో గదులు కిరాయికి తీసుకుని ఉండే బీహారు, ఒడిశా పిల్లలు ఫ్యాక్టరీ యూనిఫారాలు తెచ్చి పడేస్తారు. "చాచీ, జేబు జెర పెద్దగ పెట్టు, ఫోన్ పడ్తలేదు" అని ఒకడు, "చాచీ, నడుము బిగువు చెయ్యి" అని ఒకడు. వచ్చినప్పటి కంటే ప్రతివాడూ సన్నబడేవాడే. ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని తల ఊపుతుంది. సూదులు నోట్లో ఉంటే మాట్లాడక్కర్లేదు, అదొక సుఖం.

మాట్లాడీ మాట్లాడీ ఆమె అలిసిపోయింది మరి. పదిహేనేళ్ళుగా ఆమె చెప్పింది ఒకటే కథ. భర్త తాజ్ మొహమ్మద్ ముత్తంగి చౌరస్తాలో లారీల కింద బరువు మోసే కమాన్‌కట్టలు బిగించేవాడు. ఇనుమును వంచే మనిషి, కడుపునొప్పి వస్తే మాత్రం చిన్నపిల్లాడిలా మెలికలు తిరిగేవాడు. వచ్చేది, పోయేది. గ్యాసని ఒకరు, అల్సరని ఒకరు అన్నారు. చివరికి నల్లగా వాంతులు మొదలై, తిండి లోపలికి పోవడం మానేశాక, జీర్ణాశయంలో క్యాన్సరని తేలింది. అప్పటికి చేసేదేమీ లేదు. తన్వీర్ అప్పుడు పదో తరగతి. మనిషి పోయిన ఆ ఎండాకాలమే బోరు నీళ్ళు పసుపుపచ్చగా నురగ కట్టి వచ్చాయి. ఇంకేం కావాలి? ఊరికి కంపెనీల మీద కోపం ఉంది, ఇంట్లో శవం ఉంది. తాజ్ మొహమ్మద్‌ను నీళ్ళే మింగాయని ఊరంతా అంది, అక్తరీ నమ్మింది.

నమ్మడంలో తప్పేముంది? ఆ గాలి పీల్చినవాళ్ళెవరైనా అదే నమ్ముతారు. పటాన్‌చెరు చుట్టుపక్కల పిల్లకు దద్దురు లేచినా, గేదె ఈచుకుపోయినా, మామిడి పూత రాలినా మొదటి వేలు చిమ్నీ వైపే పోతుంది. చాలాసార్లు ఆ వేలు తప్పు చూపదు కూడా. నీళ్ళ కమిటీ వాళ్ళు ఏ అధికారి వచ్చినా అక్తరీని ముందు నిలబెట్టేవారు. ఆమె చెప్పేది, ఏడ్చేది. కొన్నాళ్ళకు ఏడవకుండా చెప్పడం వచ్చింది. ఇంకొన్నాళ్ళకు చెబుతూనే ఇంట్లో పప్పు పొయ్యి మీదుందన్న సంగతి గుర్తు చేసుకోవడం కూడా వచ్చింది. కమిటీ ఫ్లెక్సీ మీద తాజ్ మొహమ్మద్ ఫోటో పడింది. పెళ్ళి నాటి ఫోటో. మీసం కింద, పెదవి మీద చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. తన్వీర్ పెద్దవాడై మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరాక కూడా, సెలవు రోజైతే చాలు, ఆ ఫ్లెక్సీ ఒక కొస పట్టుకుని ధర్నాలో నిలబడేవాడు.

ఇప్పుడు తన్వీర్‌కూ అదే కడుపునొప్పి.

చిన్నప్పటి నుంచీ ఉన్నదే. డ్యూటీలో మెలిపెట్టి పడిపోతే తోటివాళ్ళు సంగారెడ్డిలో ఒక ఆసుపత్రికి మోసుకెళ్ళారు. అక్తరీ వెళ్ళేసరికి కొడుకు ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఒంట్లో రక్తం సగమే ఉందన్నారు. డాక్టరమ్మ పేరు నిహారిక. చిన్న వయసే. తన్వీర్‌ను నోరు తెరవమంది, తొడుగు వేసుకున్న వేలితో పెదవి తిప్పి చూసింది, బుగ్గ లాగి లైటు వేసి చూసింది. తన్వీర్ అంతసేపూ నీళ్ళ గురించే చెబుతున్నాడు. నాయన ఇట్లనే పోయిండు మేడం, కావాలంటే చూడు అని ఫోన్‌లో ఫ్లెక్సీ ఫోటో తీసి చూపించాడు.

డాక్టరమ్మ ఆ ఫోటోలో రాసిన అక్షరాలు చదవలేదు. రెండు వేళ్ళతో ముఖాన్ని పెద్దది చేసి, పెదవుల దగ్గర ఆగింది.

"మీ నాన్నగారికి కూడా ఈ మచ్చలు చిన్నప్పటి నుంచే ఉన్నాయా?"

"హౌ, మా ఖాందాన్‌కే ఉంటయ్. మా నాయనకు, మా తాతకు. ఏం?"

ఆమె నిదానంగా చెప్పింది. అరుదైన జబ్బట, ఇంగ్లీషులో పొడుగాటి పేరు. వంశంలో దిగుతుందట. చర్మం మీద పులిపిరులు లేచినట్టు ఈ మనుషులకు పేగుల్లో, జీర్ణాశయంలో కండ పిలకలు లేస్తాయి. అవి పేగును మెలేసి నొప్పి పుట్టిస్తాయి, లోపల్లోపల రక్తం కారుస్తాయి. అందరికీ క్యాన్సర్ వస్తుందని కాదు, కానీ మామూలు మనుషుల కంటే ఎన్నో రెట్లు భయం ఉంటుంది. కడుపులోనే కావచ్చు, ఇంకోచోట కావచ్చు. పెదవి మీది చుక్క లోపలి పిలకలకు బయటి గుర్తు. గొంతులోంచి కెమెరా వేసి చూసి, పెరిగినవి తీసేసి, మళ్ళీ రెండు మూడేళ్ళకోసారి చూసుకుంటూ ఉంటే మనిషి బతుకుతాడు.

"అంటే మా నాయన నీళ్ళతోని సావలేదంటవా?" అన్నాడు తన్వీర్.

"నీళ్ళు మంచివని నేను అనడం లేదు. మీ నాన్నగారి విషయంలో ఇదే కారణం అయ్యుండొచ్చు అంటున్నాను."

తన్వీర్ చేతికున్న సూది గొట్టం పీకబోయాడు. నర్సు వచ్చి ఆపింది. రక్తం ఎక్కించడం అయిన వెంటనే, ఎవరు చెప్పినా వినకుండా ఇంటికొచ్చేశాడు. అక్తరీ మాత్రం వచ్చే ముందు వెనక్కి తిరిగి ఒక మాట అడిగింది.

"నా మనవరాలు ఉంది మేడం. ఏడాదిన్నర. మూతి మీద ఇంక ఏం రాలే."

"సగం సగం అవకాశం అమ్మా. రావచ్చు, రాకపోవచ్చు. వస్తే భయపడకండి, తీసుకురండి. ఆ వయసు నుంచే కనిపెట్టి ఉంటే చాలా మేలు. ముందు మీ అబ్బాయిని పరగడుపున తీసుకురండి, ఏ రోజైనా సరే చూస్తాను. ఆలస్యం చెయ్యొద్దు."

ఆటోలో వస్తున్నంతసేపూ తన్వీర్ తిడుతూనే ఉన్నాడు. "కంపెనోళ్ళు ఇట్లాంటోళ్ళనే పెట్టుకుంటరు అమ్మీ. మన రక్తంలనే రోగముందని రాసిస్తే వాళ్ళకు పండుగ. రేపు గా అధికారులు ఏమంటరు? మీ ఆయన సావు మీ ఇంటిది, పోపో అంటరు. నాయన ఫోటో పట్టుకొని ఇన్నేండ్లు నిలబడ్డది ఎందుకు?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. తండ్రి పోలికే. ఆ కథ కొడుక్కి నూరిపోసింది అక్తరీయే కదా.

ఇంటికొచ్చాక ఒక సంగతి ఆమె బుర్రను పురుగులా తొలచడం మొదలుపెట్టింది. మామగారి చావు. తాజ్ మొహమ్మద్ దోగాడే వయసులో ఉండగానే ఆయన పోయాడు. కడుపు ముడిపడి పోయాడని అత్తగారు ఎప్పుడో చెప్పింది. అధికారుల ముందు చెప్పిన కథలో ఆ మామగారు ఏనాడూ లేడు. కావాలని దాచింది కాదు, ఆయన ఆ కథలో ఎక్కడా ఇమడలేదంతే. గోడ పక్కన పాలకూర ఏరుకుంటున్న బక్కమ్మను అడిగింది.

"అక్కా, మా మామ పోయిన్నాడు నీకు యాదికుందా?"

"ఎందుకు లేదు? నేను గింత పోరిని. మా నాయన జొన్న కోస్తుంటె కబురొచ్చింది. కడుపు పట్టుకొని అరిశి అరిశి పోయిండని."

"అప్పుడీడ కంపెనీలు..."

"యాడి కంపెనీలే! రోడ్డు గూడ మట్టిదే. బాయిల నీళ్ళు కొబ్బరి నీళ్ళ తీరు ఉండె." బక్కమ్మ ఆకు పక్కన పెట్టి ఆమె ముఖం చూసింది. "ఏందే అక్తరీ, గట్ల కూసున్నవ్?"

ఏమీ లేదని చెప్పి లోపలికొచ్చింది. ఎన్నేళ్ళు! పిల్లాడికి బోరు నీళ్ళు తగలకూడదని తెల్లారక ముందే లేచి, ట్యాంకరు దగ్గర తోపులాడి, ఎండాకాలం పక్క ఊరి నుంచి బిందెలు మోసి, మోసి. ఆ నీళ్ళు మోసిన భుజం ఇప్పటికీ పైకి లేవదు. నీళ్ళను కాపలా కాసింది, రోగమేమో పిల్లాడి లోపలే కూర్చుని ఉంది. పైగా దాని రాకకు మలీదా పంచారు. ఆమెకు దేవుడి మీద కోపం వచ్చింది, ఆ వెంటనే తప్పు మన్నించమని తౌబా చేసుకుంది, మళ్ళీ కోపం వచ్చింది.

కొడుకుని అడగడం మానలేదు. అన్నం పెడుతూ అడిగింది, బండి తుడుస్తుంటే అడిగింది, కోడలు రుఖయ్యా చేత అడిగించింది. "ఒక్కపారి పోయి సూపించుకో బేటా, నా కోసం." తన్వీర్ మొదట నవ్వేవాడు, తర్వాత విసుక్కునేవాడు, తర్వాత కంచం వదిలి లేచిపోయేవాడు. రక్తం ఎక్కించిన తేజు నెల తిరిగేసరికి దిగిపోయింది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగుతున్నాడు. పెరట్లోకి పోతే ఆలస్యంగా వస్తున్నాడు. తండ్రి కూడా ఇట్లాగే, మొదట మెట్ల దగ్గర ఆగడం నేర్చుకున్నాడు. అక్తరీకి ఈ దారి మలుపులన్నీ తెలుసు. ఒకసారి నడిచిన దారే.

ఇంకో పని కూడా ఆమెకు అలవాటైంది. పొద్దున్నే మనవరాలు ఆమ్నాను ఎత్తుకుని వసారాలో వెలుతురు పడే చోట కూర్చోవడం, దాని మూతి చూడడం. పాల పెదవులు, గులాబీ రంగులో, బోడిగా. బోడి మూతి. అత్తగారి నోటి నుంచి తిట్టులా వినిపించిన ఆ మాటే ఇప్పుడామెకు దువాలా వినిపించేది. ‘యా అల్లా, దీన్ని నా పోలికలోనే ఉంచు’ అనుకునేది.

ఒక శుక్రవారం సాయంత్రం తన్వీర్ డ్యూటీ నుంచి సంచీతో వచ్చాడు. గోధుమపిండి, బెల్లం దిమ్మ, నెయ్యి సీసా తీసి పొయ్యి గట్టు మీద పెట్టాడు. ముఖంలో ఒక వింత హుషారు. వెనకే రుఖయ్యా ఆమ్నాను ఎత్తుకుని నిలబడింది. ఆమె ముఖంలో ఏ హుషారూ లేదు.

"అమ్మీ, మలీదా చెయ్యి. పాపకు చుక్కొచ్చింది."

అక్తరీ చేతిలో కత్తెర ఉంది. దాన్ని మిషన్ మీద పెట్టింది. పొద్దున ఆమె చూసినప్పుడు ఏమీ లేదే? ఎండ సరిగ్గా లేదేమో. కళ్ళు సరిగ్గా లేవేమో.

"పొద్దుగాల పాలు తాపుతుంటె కనపడ్డది అమ్మీ," అంది రుఖయ్యా, నేల చూస్తూ. "నీకు చెప్పబుద్ధి కాలే. ఆయనకే ఫోన్ చేసిన."

"ఏంది, ఇద్దరు మొకాలు అట్ల పెట్టిన్రు? మన ఇంట్ల చుక్కొస్తే పండుగ కదా," అన్నాడు తన్వీర్. గొంతు అవసరం కంటే పెద్దదిగా ఉంది. "గా డాక్టరమ్మ ఏదో అన్నదని మన ఆచారం ఇడిచిపెడ్తమా? దాదీ ఉంటే ఈపాటికి ఊరంత పంచిపెడ్తుండె. నువ్వు చెయ్యకుంటె నేనే చేస్త. రా బేటీ."

కూతుర్ని తీసుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. జేబు రుమాలు చివర నీళ్ళలో ముంచి, పిల్ల పెదవి మీద మెల్లగా రాశాడు. ఆమ్నా కితకితలకు నవ్వింది. "సూడు అమ్మీ, పోతలేదు! పక్కాది. మాషాల్లా." నవ్వబోయాడు. రుమాలు మళ్ళీ ముంచి, ఇంకోసారి రాశాడు. వాడికి తెలుసు, అనుకుంది అక్తరీ. వీడికి నాకంటే ముందే తెలుసు, భయపడి భయపడి ఈ బెల్లం కొనుక్కొచ్చాడు.

ఆమె వచ్చి నేల మీద వాళ్ళ ముందు కూర్చుంది. తన కొంగు తడిపింది. అత్తగారు చేసినట్టే పిల్ల గడ్డం ఎడమ చేత్తో పట్టుకుని పెదవి మీద రుద్దింది. ఆవగింజంత చుక్క, అక్కడే ఉంది. మళ్ళీ రుద్దింది. రోజూ బట్ట మీద సుద్దతో గీసే గీతలు ఇట్లా ఒక్క తుడుపుకు పోతాయి. ఇంకోసారి తడిపి రుద్దింది. ఇంకోసారి. ఆమ్నా నవ్వు ఆపింది, మూతి తిప్పుకుంది, ఏడుపు అందుకుంది. అక్తరీ ఆపలేదు. పిల్ల పెదవి ఎర్రగా కందిపోయింది. ఆ ఎరుపు మధ్య చుక్క ఇంకా నల్లగా కనిపించింది.

"అమ్మీ! ఏం జేస్తున్నవ్? పోదని సూసినం కదా!"

"పోగొడ్తున్న."

"అమ్మీ, ఇడువు. పాప ఏడుస్తుంది."

"పోవాలె. నీది గూడ ఆనాడే పోగొట్టాల్సి ఉండె. నేను నెయ్యి పోసి పంచిన. సంతోషంతోని పంచిన తన్వీరు, ఇంటింటికి తిరిగి పంచిన!" పదిహేనేళ్ళుగా ఏడవకుండా చెప్పడం నేర్చుకున్న మనిషి, కొడుకు మోకాలు మీద నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. "మీ నాయనను మోసిన. మళ్ళ మొయ్యలేను బేటా. నాతోని కాదు. నా భుజం లేస్తలేదు."

రుఖయ్యా ఏడుస్తున్న పిల్లను అందుకుంది. తన్వీర్ తడి రుమాలు పక్కన పెట్టాడు. తల్లి వీపు మీద చెయ్యి వేశాడు.

"నీళ్ళు ఇంక ఖరాబే ఉన్నయ్ అమ్మీ," అన్నాడు, చిన్నపిల్లాడు బతిమాలినట్టు.

"ఉన్నయ్. నేను కాదన్ననా? పోయి కొట్లాడు. నీ బిడ్డ పెండ్లయ్యేదాక కొట్లాడు. కొట్లాడనీకన్న మనిషివి ఉండాలె కదరా."

తన్వీర్ కూతుర్ని చూశాడు. అది తల్లి భుజం మీద ఎక్కిళ్ళు పెడుతూ, కందిన పెదవిని నాలుకతో తడుముకుంటోంది.

"నాకు పోయిన నెల నుంచి దొడ్డికి నల్లగ పడ్తుంది అమ్మీ," అన్నాడు మెల్లగా. "చెప్పలే నీకు."

అక్తరీ తల ఎత్తలేదు. తెలిసిన మలుపే ఇదీ.

"ఎప్పుడు రమ్మన్నది గా డాక్టరమ్మ?"

"ఎప్పుడొచ్చినా సూస్తనన్నది. రేపే పోదాం. రాత్రి తిన్నంక ఇంకేం ముట్టొద్దు, పరగడుపున పోవాలె."

"పాపను గూడ తీస్కపోదాం," అంది రుఖయ్యా.

"తీస్కపోదాం," అన్నాడు.

అక్తరీ మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. ముఖం కడుక్కుని, పొయ్యి గట్టు మీదున్న పిండి చూసింది. తెచ్చింది పారేస్తామా? పిండి కలిపింది, రొట్టెలు కాల్చింది, వేడి వేడిగా చేత్తో నలిపి బెల్లం, నెయ్యి పోసి కలిపింది. వాసన గోడ దాటింది. బక్కమ్మ పిట్టగోడ మీదుగా తొంగి చూసి, "ఏందే, చుక్కొచ్చిందా? నా గిన్నె తెస్త ఉండు," అంది.

"ఈసారి పంచుతలేను అక్కా," అంది అక్తరీ. "నా కొడుక్కే పెడ్తున్న. రేపు వానికి పొద్దున్నే పనుంది."

గిన్నె మొత్తం తెచ్చి తన్వీర్ ముందు పెట్టి, అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూసింది.